బంగినపల్లి మామిడి: కోత నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ రెండో వారం దాటిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ మామిడి గురించే. విజయవాడ దగ్గర నున్న మార్కెట్‌కు కాయ తోలే రైతులు, నూజివీడు దగ్గర తోట గుత్తకు తీసుకున్న కుర్రాళ్లు, హైదరాబాద్‌లో పండ్ల దుకాణం పెట్టినవాళ్లు, అమెరికాలో ఉన్న చుట్టాలు. మనుషులు వేరైనా సందేహాలు అవే. అందుకని అన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే దాన్నే నేరుగా చదువుకోవచ్చు.

ఇదంతా బంగినపల్లిని దృష్టిలో పెట్టుకుని రాసింది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన పండు అది. వేరే రకాలకు తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాను. ముందే ఒక మాట: చలి కాయను బాగుచేయదు. కోసినప్పుడు ఉన్న నాణ్యతను కొన్నాళ్లు పట్టి ఉంచుతుంది, అంతే.

## కోత దగ్గర

రంగు రాలేదు కదా, కాయ కోతకు తయారైందని ఎలా తెలుస్తుంది?

బంగినపల్లి చెట్టు మీద పచ్చగా ఉండగానే పక్వానికి వస్తుంది. రంగు కోసం ఆగితే దాచుకునే రోజులు పోతాయి. కాయ భుజాలు చూడండి. అవి తొడిమ కంటే పైకి లేచి, తొడిమ చుట్టూ చిన్న గుంట పడి ఉండాలి. బుగ్గలు నిండి ఉండాలి. ఒక కాయ కోసి చూస్తే టెంక గట్టిపడి, దాని చుట్టూ గుజ్జు లేత పసుపుకు తిరుగుతూ ఉండాలి. ఇంకా అనుమానంగా ఉంటే తోటలో నాలుగు వైపుల నుంచి పది పదిహేను కాయలు తెచ్చి బకెట్ నీళ్లలో వేయండి. తయారైన కాయ మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. సగానికి పైగా తేలితే, వ్యాపారి ఎంత తొందరపెట్టినా ఇంకో వారం ఆగండి.

లేతకాయ కోసి కోల్డ్ స్టోరేజీలో పెడితే అక్కడే మాగుతుంది కదా?

మాగదు, వడలిపోతుంది. కాయలో చేరిన పిండి పదార్థమే మాగేటప్పుడు తీపిగా మారుతుంది. పిండి చేరకముందే కోసేస్తే తరువాత ఏ గదిలో పెట్టినా, ఏ గ్యాసు పట్టించినా తీపి రాదు. తొక్క ముడతలు పడి, లోపల పుల్లగా, రబ్బరులా ఉంటుంది. పైగా లేతకాయకు చలిదెబ్బ త్వరగా తగులుతుంది. బూజు చావడానికి వేడినీళ్లలో ముంచితే భుజాల దగ్గర గుంటలు పడేది కూడా లేతకాయకే. సీజన్ మొదట్లో ధర ఊరించే మాట నిజమే. కానీ ఆ ధరకు కొన్నవాళ్లు రెండోసారి మన పేరు చెబితే కొనరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పొద్దున్నే కోయాలా, సాయంత్రం కోయాలా?

మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. తెల్లవారుజామున కాయలో నీటి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి సొన బాగా చిమ్ముతుంది. పది గంటలు దాటితే కాయే వేడెక్కిపోతుంది. ఆ వేడి దించడానికి తరువాత కరెంటు ఖర్చవుతుంది, ఈలోగా కాయ వయసూ కరుగుతుంది. కోసిన కాయను ఒక్క నిమిషం కూడా ఎండలో ఉంచొద్దు, చెట్టు నీడలోనే ట్రేలు పేర్చండి.

తొడిమ ఎంత ఉంచాలి? సొన మచ్చలు తగ్గేదెలా?

చిక్కంతో, అంటే వల కట్టిన గెడతో, గుంజితే తొడిమ ఊడి సొన ఒక్కసారిగా చిమ్ముతుంది. అది పడ్డచోట తొక్క మాడి, రెండు రోజుల్లో నల్లని చారలు తేలతాయి. చలి గదిలో ఆ చారలు ఇంకా ముదురుతాయి. బ్లేడు ఉన్న చిక్కంతో 8 నుంచి 10 సెంటీమీటర్ల కాడ ఉంచి కోయండి. షెడ్డుకు తెచ్చాక కాడను ఒక సెంటీమీటరుకు కత్తిరించి, తొడిమ కిందికి ఉండేలా చట్రం మీద బోర్లించి, సొన పూర్తిగా కారనివ్వండి. నేల మీద మాత్రం పెట్టొద్దు. తొడిమ కుళ్లు తెచ్చే బూజు మట్టిలోనూ ఎండు పుల్లల్లోనూ ఉంటుంది, తెగిన కాడ దానికి తెరిచిన తలుపు లాంటిది.

వాన పడ్డ మర్నాడు కోసిన కాయ దాచొచ్చా?

దాచొద్దు. తడిలో కుళ్లు బీజాలు కాయ మీద బాగా పట్టుకుంటాయి. తప్పనిసరై కోస్తే ఆ కాయను విడిగా ఉంచి వెంటనే అమ్మేయండి. మంచి సరుకులో కలిపితే రెండూ పోతాయి.

## షెడ్డులో

సొన కడగడానికి ఏం వాడాలి?

లీటరు నీటికి 5 గ్రాముల పొడి సున్నం కలిపిన నీళ్లు చాలు. అందులో ముంచి తీసి, వెంటనే మంచినీళ్లతో కడగాలి. ఆ మంచినీళ్లలో 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో నూరు వంతులు) క్లోరిన్ ఉంటే ఒక కాయ మీది బూజు ఇంకో కాయకు అంటదు. నీళ్లు మురికవుతున్నకొద్దీ క్లోరిన్ పనిచేయడం మానేస్తుంది, మార్చడానికి బద్ధకించొద్దు. పొద్దున నింపిన తొట్టిలో సాయంత్రం దాకా కడిగితే మనమే రోగం అంటించినవాళ్లం అవుతాం.

వేడినీళ్లలో ముంచాలంటున్నారు, కాయ ఉడికిపోదా?

సరిగ్గా చేస్తే ఉడకదు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే అని నా నమ్మకం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మాగిన పండు మీద కనిపించే నల్లమచ్చలు మాగేటప్పుడు పుట్టినవి కావు. పక్షికన్ను తెగులు పూత, పిందె దశల్లోనే వచ్చి తొక్క కింద నిద్రపోతూ ఉంటుంది. పచ్చికాయలో ఆ బూజును అణిచిపెట్టే సహజ పదార్థాలు ఉంటాయి. కాయ మాగుతుంటే అవి తగ్గిపోతాయి, బూజు లేస్తుంది. అందుకే షెడ్డులో అద్దంలా ఉన్న కాయ కొనుగోలుదారు దగ్గర మచ్చలు తేలుతుంది. చలి ఈ బూజును చంపదు, ఆలస్యం చేస్తుంది.

52 డిగ్రీల వేడినీళ్లలో 10 నిమిషాలు ఉంచితే తొక్క కింద ఉన్న బూజు చాలావరకు చస్తుంది. అంత తక్కువ సేపట్లో వేడి గుజ్జు లోపలిదాకా పోదు. తప్పులు జరిగేది మూడు చోట్ల. చెయ్యి పెట్టి చూసి 'సరిపోయింది' అనుకోవడం మొదటిది. డిజిటల్ థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. 55 దాటితే తొక్క మాడుతుంది, 50 కంటే తగ్గితే బూజు బతికిపోతుంది. రెండోది, చల్లని కాయ పడగానే నీటి వేడి పడిపోవడం. అందుకని తొట్టి పెద్దదిగా ఉండాలి, పంపుతో నీళ్లు తిరుగుతూ ఉండాలి. మూడోది, ఆలస్యం. కోసిన రోజే ముంచాలి. తీశాక శుభ్రమైన మామూలు నీళ్లతో చల్లార్చి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనిచ్చి ట్రేలో పెట్టండి.

పండ్లకు మైనం పూస్తారట, అది తినేవాళ్లకు మంచిదేనా?

తేనె మైనం, కార్నౌబా మైనం, లక్క మైనం పూతకు మన ఆహార భద్రతా నిబంధనల్లో అనుమతి ఉంది, పూసినట్టు లేబుల్ మీద చెప్పాలి. పూత తేమను ఆపుతుంది, కాయ వడలదు. మందంగా పూస్తే మాత్రం కాయకు ఊపిరాడక లోపల పులిసిన వాసన వస్తుంది. దగ్గర మార్కెట్‌కు పోయే సరుకుకు ఇది అవసరం లేదు.

ట్రేలా, అట్టపెట్టెలా, గడ్డి పరిచిన బుట్టలా?

దాచేదానికి గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ ట్రే. గడ్డి బుట్టలో చలిగాలి లోపలికి పోదు. ట్రే అంచు దాటి ఒక్క కాయ కూడా పైకి లేవకూడదు, పై ట్రే బరువు దాని మీద పడుతుంది. ఆ ఒత్తుడు ఆ రోజు కనిపించదు, మాగాక మెత్తని మచ్చ అవుతుంది.

ప్రీకూలింగ్ అంటే ఏమిటి? నేరుగా గదిలో పెడితే చల్లబడదా?

చల్లబడుతుంది, కాకపోతే చాలా ఆలస్యంగా. మేలో కోసిన కాయ గుజ్జులో ఎండ వేడి నిలిచి ఉంటుంది. కోసిన తరువాత కూడా కాయ శ్వాసిస్తూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస రెండు మూడు రెట్లవుతుంది, అంటే నిల్వ రోజులు అంత వేగంగా ఖర్చవుతాయి. మామూలు చలి గది యంత్రం చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడానికి సరిపోతుంది గానీ, వేడి సరుకును త్వరగా దించలేదు. పేర్చిన ట్రేల మధ్య నుంచి ఫ్యానుతో చలిగాలిని బలంగా లాగే ఏర్పాటే ప్రీకూలింగ్. అది లేకపోతే కాయను రాత్రంతా గాలి ఆడే షెడ్డులో ఆరబెట్టి తెల్లవారుజామున గదికి చేర్చండి. ఒకేరోజు గదంతా నింపకుండా విడతలుగా పెట్టండి.

## కోల్డ్ స్టోరేజీలో

ఎన్ని డిగ్రీల్లో పెట్టాలి? ఎంత చల్లగా ఉంటే అంత మంచిది కదా?

పచ్చికాయకు 13 డిగ్రీలు. 12 కంటే తగ్గనివ్వొద్దు. మామిడి వేడి దేశపు చెట్టు, దాని కాయ చలికి తట్టుకోలేదు.

ఈ పాఠం నాకు డబ్బు పోయాక వచ్చింది. ఒక ఏడాది మూడు టన్నుల బంగినపల్లిని 8 డిగ్రీల గదిలో పెట్టించాను. ఎంత చలైతే అంత నిలవ అని గది నడిపేవాళ్లు చెబితే నమ్మాను. 12 రోజులకు తీసి చూస్తే నిన్న కోసినట్టే ఉంది కాయ. సంతోషంగా లారీ ఎక్కించాం. మూడో రోజు నుంచి ఫోన్లు. తొక్క బూడిద రంగుకు తిరిగింది, అక్కడక్కడా గుంటలు, కోస్తే ఒకపక్క మెత్తన, ఒకపక్క రాయి, వాసనే లేదు. ఆ సరుకు కొన్నాయనకు డబ్బు తిరిగిచ్చాను. కాయ గదిలో ఉన్నన్నాళ్లూ దెబ్బ దాగి ఉంటుంది, వెచ్చని గాలి తగిలాకే బయటపడుతుంది. చలిదెబ్బతో వచ్చే ప్రమాదం అదే.

మాగిన పండు మాత్రం కొంచెం ఎక్కువ చలిని ఓర్చుకుంటుంది, దాన్ని 10 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచొచ్చు.

గది మీటరు 13 చూపిస్తోంది, అయినా కొన్ని ట్రేలు చెడుతున్నాయి. ఎందుకు?

మీటరు ఉన్నచోట 13 ఉంది, కాయ దగ్గర ఉందో లేదో చూడాలి. చలిగాలి పడే యంత్రం ఎదురుగా 9, 10 ఉండొచ్చు, తలుపు దగ్గర 16 ఉండొచ్చు. సూది థర్మామీటర్‌ను కాయ గుజ్జులోకి గుచ్చి నాలుగు మూలలా చూడండి. ట్రేలకూ గోడకూ మధ్య గాలి తిరగడానికి జానెడు సందు వదలండి.

మా ఊళ్లో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఖాళీగా ఉంది. అందులో మామిడి పెట్టొచ్చా?

గుంటూరు వైపు నుంచి ఏటా వచ్చే ప్రశ్న. పెట్టొద్దు. మిర్చి గదులు 10 డిగ్రీల లోపు నడుస్తాయి, గాలి పొడిగా ఉండేలా కట్టినవి. మామిడికి కావలసింది దానికి పూర్తిగా తలకిందులు. మిర్చి ఘాటు గోడలకు పట్టి ఉంటుంది, పండుకు అంటుకుంటే పోదు. యజమాని ఒక గదిని ఖాళీ చేసి, కడిగించి, ఉష్ణోగ్రత 13కు మార్చి, తేమ పెంచే ఏర్పాటు చేస్తానంటే అప్పుడు ఆలోచించండి.

కాయ కుళ్లలేదు గానీ తొక్క వడలి బరువు తగ్గింది. ఏం తప్పు జరిగింది?

గదిలో తేమ చాలలేదు. మామిడికి 85 నుంచి 90 శాతం తేమ ఉండాలి. యంత్రం చల్లబరిచేటప్పుడే గాలిలోని తేమను లాగేస్తుంది, ఆ లోటును కాయ తన నీటితో తీరుస్తుంది. నేల తడపడం, తేమ పొగ వదిలే యంత్రం పెట్టడం, తలుపు మాటిమాటికీ తీయకపోవడం పనిచేస్తాయి. కాయ మీద మాత్రం నీళ్లు చల్లొద్దు.

అదే గదిలో అరటి, యాపిల్, ద్రాక్ష కలిపి పెట్టొచ్చా?

యాపిల్, ద్రాక్ష సున్నా డిగ్రీల దగ్గర ఉండాలి, ఆ చలికి మామిడి చచ్చిపోతుంది. అరటికీ మామిడికీ చలి ఒకటే, 13 డిగ్రీలు. కానీ గెలలో ఒక్క హస్తం మాగినా దాన్నుంచి వచ్చే ఎథిలిన్ గ్యాసు గది మొత్తాన్ని మాగిస్తుంది. మామిడిలో కూడా అంతే. రంగు తిరిగిన కాయను ఏరోజుకారోజు ఏరి బయటపెట్టండి.

ఎన్ని రోజులు ఆగొచ్చు? ధర పెరిగేదాకా నెలరోజులు ఉంచుతాను.

సరిగ్గా కోసి, సరిగ్గా చల్లార్చిన కాయకు 13 డిగ్రీల్లో రెండు నుంచి మూడు వారాలు. నా సలహా అడిగితే రెండు వారాలే లెక్క వేసుకోండి. మార్కెట్‌కు ఒకేసారి లారీలు ముంచెత్తినప్పుడు ఆ పది పదిహేను రోజులు తప్పించుకోవడానికి చలి గది నిజంగా రైతును కాపాడుతుంది. నెల దాటించాలనుకుంటే అద్దె, తగ్గిన బరువు, ఏరిపారేసే కాయ, మూడూ కలిపి లెక్క వేయండి. తోతాపురిని చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలేవాళ్లకు ఈ ఖర్చే అనవసరం. రసాలు ఇంకా సున్నితం, వాటిని దాచాలని చూడకుండా కోసిన వెంటనే అమ్ముకోవడం మేలు.

1-ఎంసీపీ అనే గ్యాసు పెడితే ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుందట కదా?

కాయకు 'మాగు' అని చెప్పేది ఎథిలిన్. ఆ మాట వినే చోట్లను 1-ఎంసీపీ ముందే ఆక్రమించి మూసేస్తుంది, అందుకే మాగడం ఆలస్యమవుతుంది. యాపిల్‌కు ఇది బాగా అలవాటైన పద్ధతి. మామిడిలో కాయ పక్వాన్ని బట్టి ఫలితం మారుతుంది, మోతాదు తప్పితే పండు సరిగ్గా మాగదు. బూజును ఇది ఆపదు. వేడినీళ్లు, 13 డిగ్రీలు, తేమ, ఈ మూడూ కుదరని షెడ్డులో దీనికి డబ్బు పెట్టొద్దు.

## బయటికి తీశాక, మాగబెట్టేటప్పుడు

గది నుంచి తీయగానే కాయ మీద చెమట పడుతోంది. తుడవాలా?

తుడిస్తే తొక్క గీరుకుంటుంది. బయటి వేడిగాలిలోని తేమ చల్లని కాయను తాకి నీటి చుక్కలవుతుంది, ఆ తడిలో బూజు లేస్తుంది. ట్రేలను ముందు 18, 20 డిగ్రీల గదికి మార్చి కొన్ని గంటలు ఉంచి తరువాత బయటికి తీయండి. అలాంటి గది లేకపోతే చల్లటి వేళ తీసి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. తడిగా ఉండగా పెట్టెల్లో మూసేయొద్దు.

అందరూ కార్బైడే వాడుతున్నారు, అంత ప్రమాదమా?

ప్రమాదమే, చట్టప్రకారం నిషేధం కూడా. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలిన్ వస్తుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. పొట్లాలు కట్టే కూలీల చేతులు, కళ్లు, ఊపిరితిత్తులు ముందు దెబ్బతింటాయి. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. పండు పైకి పసుపు, లోపల పుల్లన. పట్టుబడితే సరుకు మొత్తం పారబోస్తారు.

మరి ఎథిలిన్ గ్యాసు కూడా రసాయనమే కదా? మంచిదేనా?

మామిడి మాగేటప్పుడు తనంతట తాను వదిలే గ్యాసే ఎథిలిన్. మాగబెట్టే గదిలో (ఛాంబర్‌లో) దాన్ని బయటి నుంచి అందిస్తాం. 100 పీపీఎం దాకా వాడటానికి ఆహార భద్రతా సంస్థ అనుమతిచ్చింది. 20 నుంచి 22 డిగ్రీలు, 90 శాతం తేమ, ఒక రోజు గ్యాసు సరిపోతుంది. తరువాత తలుపులు తీసి గాలి మార్చాలి. కాయలు వదిలే కార్బన్ డయాక్సైడ్ ఒక శాతం దాటితే ఎథిలిన్ పనిచేయదు. ఎథిలిన్‌ను పుట్టించే ఎథెఫాన్ అనే మందు ద్రావణంలో కాయను ముంచడం మాత్రం అనుమతి లేని పని. ఏ విధంగా పుట్టించినా అది గ్యాసుగానే కాయకు తగలాలి.

మేలో ఇంట్లో మాగేసిన పండ్లు పసుపు, ఆకుపచ్చ మచ్చలతో వస్తున్నాయి. మందు కాయలా?

కాకపోవచ్చు. 30 డిగ్రీలు దాటిన గదిలో గుజ్జు మాగుతుంది గానీ తొక్క ఆకుపచ్చ పూర్తిగా పోదు. ఇంట్లో చల్లటి మూల చూసి పెట్టండి. పూర్వం వరిగడ్డిలో మాగేసేవాళ్లు. కాయ వదిలే ఎథిలిన్‌నూ తేమనూ గడ్డి పట్టి ఉంచుతుంది. గడ్డి పొడిగా ఉండాలి, కాయలు ఒకే వరుసగా ఉండాలి, రోజూ చూసి మెత్తబడినవి తీసేయాలి.

## ఎగుమతి

జపాన్, యూరప్, అమెరికాకు ఒకే రకం శుద్ధి సరిపోదా?

సరిపోదు. వాళ్ల భయం పండు ఈగ, టెంక పురుగు. ఒక్కో దేశం ఒక్కో పద్ధతిని ఒప్పుకుంది. జపాన్ 2006లో మన మామిడికి తలుపు తెరిచింది. దానికి ఆవిరి శుద్ధి కావాలి, గుజ్జు 47.5 డిగ్రీలకు చేరి 20 నిమిషాలు నిలవాలి. అనుమతి ఉన్న రకాల్లో బంగినపల్లి ఉంది, తిరుపతిలో ఈ శుద్ధి కేంద్రం కూడా ఉంది. యూరప్ 2014లో పండు ఈగ దొరికి మన మామిడిని నిషేధించి, మరుసటి ఏడాది ఎత్తేసింది. అక్కడికి 48 డిగ్రీల నీళ్లలో గంటసేపు ముంచాలి. అమెరికాకు 2007 నుంచి 400 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు రేడియేషన్‌తో పోతున్నాయి. ఇంత వేడి తట్టుకోవాలంటే కాయ పూర్తిగా తయారై ఉండాలి.

అమెరికాలో మేం కొన్న పెట్టె మీద రేడియేషన్ గుర్తు ఉంది. పిల్లలకు పెట్టొచ్చా?

నిశ్చింతగా పెట్టండి. కిరణాలు కాయ గుండా పోయి పురుగు సంతతిని ఆపేస్తాయి, పండులో ఏమీ మిగలదు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషిలో రేడియేషన్ నిలిచిపోదు కదా, ఇదీ అలాంటిదే. అంత దూరం చలిలో ప్రయాణించి వచ్చిన కాయ కాబట్టి కొన్నరోజే కోయకుండా, తొడిమ దగ్గర వాసన వచ్చేదాకా బయటే ఉంచండి.

## ఇంట్లో

పచ్చికాయలు ఎక్కువ కొన్నాం, ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

పెట్టొద్దు. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. మాగని కాయ అందులో చలిదెబ్బ తిని ఆ తరువాత మాగదు. బయట మాగనిచ్చి, పూర్తిగా మాగాక పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. తినడానికి గంట ముందు తీసి నీళ్లలో వేయండి. తొడిమ దగ్గర మిగిలిన సొన కడుక్కుపోతుంది, చలికి అణిగిన వాసన తిరిగి లేస్తుంది.

వచ్చే సంక్రాంతికి మామిడి రసం కావాలంటే?

మాగిన పండు గుజ్జు తీసి, గాలి లేకుండా చిన్న చిన్న డబ్బాల్లో నింపి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల్లో పెట్టండి. ఒక పూటకు ఎంత కావాలో అంతే ఒక్కో డబ్బాలో ఉంచండి. కరిగించిన గుజ్జును మళ్లీ గడ్డకట్టిస్తే నీరు విడిపోతుంది.